శునక దంతారోగ్యం: ప్రపంచ ప్రమాణాలు, సత్యవేడు వీథులు

కుక్కకు పళ్ళు ఎన్ని అని అడిగితే, దంతసూత్రం నేర్చుకున్న విద్యార్థి తడుముకోకుండా 42 అని చెబుతాడు. ఆ పళ్ళకు ఏ జబ్బులు వస్తాయి, వచ్చినప్పుడు ఆ జంతువు ఎట్లా బాధపడుతుంది అని అడిగితే మాత్రం విద్యార్థే కాదు, ఉపాధ్యాయుడు కూడా కొంతసేపు ఆలోచించవలసి వస్తుంది. పళ్ళను లెక్కపెట్టడంతో పాఠం ముగుస్తుంది. ముంగిట కాపలా కాసే కుక్క నోరు దుర్వాసన కొడితే, కుక్క నోరు కంపుకొట్టక మరేమవుతుంది అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. ఈ విధంగా బడిలోను, ఇంటిలోను కూడా ఆ ప్రశ్న అడిగేవారు లేకుండా పోయినారు.

ఈ ఉదాసీనత ఒక్క తెలుగుదేశానికే పరిమితమైనది కాదు. అందువల్లనే ప్రపంచ చిన్నజంతు పశువైద్య సంఘం కుక్కలకు, పిల్లులకు వర్తించే దంతవైద్య మార్గదర్శక సూత్రాలను రూపొందించింది. అమెరికా, పోలెండ్, స్లొవేనియా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, బ్రెజిల్ మొదలైన దేశాల నిపుణులు కలిసి సమకూర్చిన ఈ ప్రమాణపత్రం 2020లో ‘జర్నల్ ఆఫ్ స్మాల్ యానిమల్ ప్రాక్టీస్’ అనే పత్రికలో ప్రచురితమయింది. అది ప్రపంచమంతటికీ ఉద్దేశించిన పత్రం. కనుక తమిళనాడు సరిహద్దును ఆనుకొని తిరుపతి జిల్లాలో ఉన్న సత్యవేడు వంటి ఊరిలో అది ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించి చూడటం న్యాయమే. అట్లా పరీక్షించినప్పుడు దానిలోని గొప్ప సుగుణాలతోపాటు కొన్ని పెద్ద లోపాలు కూడా బయటపడతాయి.

పళ్ళూ, వాటి పనీ

విమర్శకు దిగేముందు విషయం కొంత తెలియాలి. కుక్కపిల్ల పళ్ళు లేకుండా పుడుతుంది. మూడవ వారం మొదలుకొని పాలపళ్ళు మొలుస్తాయి. అవి మొత్తం 28. సుమారు ఆరేడు నెలల వయస్సు వచ్చేసరికి అవి ఊడిపోయి, శాశ్వత దంతాలు వాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. పై దవడలో ఒక ప్రక్క మూడు కుంతకాలు, ఒక రదనిక, నాలుగు అగ్రచర్వణకాలు, రెండు చర్వణకాలు ఉంటాయి. అవి పది. క్రింది దవడలో ఒక చర్వణకం ఎక్కువ, కాబట్టి పదకొండు. రెండు ప్రక్కలా కలిపి 42. మనిషికి ఉన్నవి 32.

రదనికలనే జనం కోరపళ్ళు అంటారు. ఇవి పట్టుకోవడానికి, చీల్చడానికి పనికివస్తాయి. కాని మాంసాన్ని తెగగోసే అసలు పనిముట్టు వెనుక ఉన్నది. పై దవడలోని నాలుగవ అగ్రచర్వణకం, క్రింది దవడలోని మొదటి చర్వణకం ఒకదాని ప్రక్క నుంచి మరొకటి జారుతూ కత్తెర అలుగుల వలె పనిచేస్తాయి. కుక్క ఎముకను కొరికేటప్పుడు తల ఒక ప్రక్కకు వంచి, నోటి మూలకు తోసుకొని కొరకడం అందరూ చూచినదే. ఆ కత్తెర అక్కడ ఉండటమే దానికి కారణం.

కుక్కపంటి మీది పింగాణిపొర మనిషి పంటిమీద ఉన్నంత మందం కాదు. చాలాచోట్ల ఒక మిల్లీమీటరుకు లోపే. అయినా కుక్కలలో పిప్పిపన్ను అరుదు. 1998లో ప్రచురితమైన ఒక కెనడా పరిశీలనలో సుమారు 5 శాతం కుక్కలలోనే అది కనిపించింది. కుక్క లాలాజలం మనిషి లాలాజలం కంటె ఎక్కువ క్షారగుణం కలది కావడం దీనికి ఒక కారణం. కాని ఒక చేత్తో మేలు చేసిన ఆ గుణమే మరొక చేత్తో కీడు చేస్తుంది. క్షారగుణం ఎక్కువైనచోట పంటిమీది పాచిలో సున్నపులవణాలు త్వరగా చేరి, అది గారగా గట్టిపడుతుంది. తోమిన పంటిమీద కొద్ది గంటలలోనే సూక్ష్మజీవుల పొర ఏర్పడటం ఆరంభిస్తుంది. దానిని తొలగించకపోతే రెండు మూడు రోజులలో గట్టిపడసాగుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కంటికి కనబడే పసుపుపచ్చని గార అంత అపాయకరమైనది కాదు. అపాయమంతా చిగురు అంచు క్రిందికి ప్రాకిన పాచిలోని సూక్ష్మజీవులలో ఉన్నది. వాటిని ఎదుర్కొనే ప్రయత్నంలో చిగురు ఎర్రబడి వాస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు తిరిగి మామూలు స్థితికి వస్తుంది. అశ్రద్ధ చేస్తే పంటిని దవడకు కట్టి ఉంచే నారలు, ఎముక క్రమంగా నశిస్తాయి. ఒకసారి నశించిన ఎముక మామూలుగా మళ్ళీ పెరగదు. పంటి ఆధారంలో పావువంతు లోపు పోతే రెండవ దశ అనీ, పావు నుంచి సగం వరకు పోతే మూడవ దశ అనీ, సగానికి మించితే నాల్గవ దశ అనీ వైద్యులు లెక్కిస్తారు. చిగురు వాపు మాత్రమే ఉన్నది మొదటి దశ.

పత్రంలోని మొదటి సుగుణం

ఈ ప్రమాణపత్రం చేసిన మొదటి మేలు ఏమనగా, కుక్క పంటినొప్పిని కేవలం వైద్యసమస్యగా గాక జంతుసంక్షేమ సమస్యగా నిలబెట్టింది. పంటి లోపలి గుజ్జుకు నరాలు ఉన్న తీరు కుక్కలోను, మనిషిలోను ఒకే విధమైనది. కాబట్టి మనిషికి నొప్పి పుట్టించే పగులు కుక్కకు నొప్పి పుట్టించదని అనుకోవడానికి ఆధారం లేదు. తేడా అంతా నొప్పిని వెల్లడించే తీరులో ఉన్నది. మనిషి చెంప పట్టుకొని మూలుగుతాడు. కుక్క పెట్టిన అన్నం తింటూనే ఉంటుంది. తింటున్నది గదా, దానికేమీ బాధ లేదు అని యజమాని తీర్మానిస్తాడు. ఈ తర్కంలోని తప్పును పత్రం చక్కగా ఎత్తిచూపింది. ఆకలి నొప్పికంటె బలమైనది. తినడం ఆరోగ్యానికి నిదర్శనం కాదు.

జాగ్రత్తగా గమనించేవారికి ఆనవాళ్ళు కనిపించకపోవు. ఒకే ప్రక్క నమలడం, నోటిలోనిది జారవిడిచి మళ్ళీ ఎత్తుకోవడం, ఇష్టంగా కొరికే వస్తువును మానివేయడం, ముఖాన్ని నేలకు రుద్దుకోవడం, తల నిమరబోతే తప్పించుకోవడం వీటిలో కొన్ని. కంటి క్రింద వాపు వచ్చి, పగిలి చీము కారితే చాలామంది దానిని కంటిజబ్బుగానో, దెబ్బ తగిలినదిగానో భావిస్తారు. పై దవడలోని నాలుగవ అగ్రచర్వణకానికి మూడు వేళ్ళు ఉంటాయి. అవి కంటి దిగువ వరకు పోతాయి. ఆ వేళ్ళ మొదట పుట్టిన చీముగడ్డే తరచు అట్లా బయటపడుతుంది. పైపూత మందులతో అది తగ్గినట్లే తగ్గి మళ్ళీ వస్తుంది. పంటికి చికిత్స జరిగేవరకు శాశ్వతంగా మానదు.

ఎముక కొరికితే పళ్ళు బాగుపడతాయా?

పత్రం చేసిన రెండవ మేలు కొన్ని పాత నమ్మకాలను పరీక్షకు పెట్టడం. కుక్కకు ఎముకలు వేస్తే పళ్ళు తమంతట తామే శుభ్రపడతాయన్నది అందులో ముఖ్యమైనది. అడవిలో తోడేలుకు బ్రష్షు ఎవరిచ్చారు అన్న ప్రశ్న దీనికి తోడు. ప్రశ్న చమత్కారంగానే ఉన్నది. కాని సమాధానం పుర్రెలలో దొరుకుతుంది. 1999లో దక్షిణాఫ్రికా, బ్రిటన్ పరిశోధకులు ఆఫ్రికా అడవికుక్కల పుర్రెలు 29 పరీక్షించారు. వాటిలో 41 శాతం పుర్రెలలో దంతమూలవ్యాధి చిహ్నాలు, 83 శాతంలో అరిగిన పళ్ళు, 48 శాతంలో విరిగిన పళ్ళు కనిపించాయి. వేటాడి పచ్చిమాంసం, ఎముకలు తిని బ్రతికే జంతువుల స్థితి ఇది. ఎముక కొరకడం వల్ల పంటిమీది గార కొంత రాలవచ్చు. కాని చిగురు క్రింద ఉన్న పాచికి అది చేసేది స్వల్పం. పైగా గట్టి ఎముకమీద కత్తెరపన్ను ఒక ప్రక్క చెక్క లేచినట్లు విరిగిపోతుంది. గుజ్జు బయటపడితే సూక్ష్మజీవులకు అదే ద్వారం.

కనుక గట్టి ఎముకలు, జింకకొమ్ములు, గిట్టలు నమలడానికి ఇవ్వవద్దన్న పత్రం సలహా సమంజసమైనది. అయితే ఈ పుర్రెల లెక్కను కూడా మితిమీరి వాడరాదు. పుర్రెలు 29 మాత్రమే. అవి ఏ వయస్సు జంతువులవి, ఎట్లా చనిపోయినవి అన్నదానిని బట్టి శాతాలు మారవచ్చు. ఆ లెక్క “ప్రకృతిసిద్ధమైన ఆహారం ఉంటే పంటిజబ్బు రాదు” అన్న వాదాన్ని కొట్టివేయడానికి చాలును. అంతకుమించి మరొకదానిని స్థాపించడానికి చాలదు.

మత్తు ఇవ్వకుండా కుక్కను అదిమిపట్టి పళ్ళమీది గార గీకివేయడాన్ని పత్రం గట్టిగా ఖండించింది. ఇది కూడా సరియైనదే. గీకిన పన్ను తెల్లగా మెరుస్తుంది, యజమాని తృప్తిపడతాడు, చిగురు క్రింది రోగం అట్లాగే పెరుగుతుంది. పైగా కదిలే జంతువు నోటిలో పదునైన పనిముట్టు పెట్టడం దానికీ అపాయం, పట్టుకొన్నవానికీ అపాయం. గోడకు సున్నం వేసి పునాదిలోని చెదను మరచిన ఇల్లు వంటిది ఈ చికిత్స.

అంకెల వెనుక ఉన్నది

సుగుణాలను ఒప్పుకొన్న తరువాత లోపాలను కూడా చెప్పాలి. రెండేళ్ళ వయస్సు వచ్చేసరికి నూటికి 80 కుక్కలకు ఏదో ఒక రూపంలో దంతమూలవ్యాధి ఉంటుందని పత్రం చెబుతున్నది. ఈ అంకె ఇప్పుడు పశువైద్యుల ప్రసంగాలలోను, వ్యాపారప్రకటనలలోను విరివిగా వినిపిస్తున్నది. దీని ప్రక్కన మరొక అంకెను పెట్టి చూడాలి. బ్రిటన్‌లో సుమారు 22 వేల కుక్కల వైద్యరికార్డులను పరిశీలించి 2021లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఒక సంవత్సరంలో ఈ వ్యాధి నిర్ణయమైన కుక్కలు నూటికి 12.5 మాత్రమే.

ఈ రెండింటిలో ఏది నిజం? రెండూ నిజం కావచ్చు. “ఏదో ఒక రూపంలో” అన్నప్పుడు చిగురు కొంచెం ఎర్రబడినది కూడా లెక్కకు వస్తుంది. మత్తు ఇచ్చి, ఒక్కొక్క పంటి చుట్టూ సన్నని కొలకడ్డీ దించి, ఎక్స్-రే తీసి చూస్తే దొరికే రోగం ఎక్కువ. మామూలు పరీక్షలో పెదవి ఎత్తి చూచినప్పుడు వైద్యుని కంటబడి, రికార్డులోకి ఎక్కే రోగం తక్కువ. అంటే వెదికే పద్ధతిని బట్టి అంకె మారుతుంది. ఎట్లా కొలిచారో చెప్పకుండా అంకెను మాత్రం చెప్పడం శాస్త్రపద్ధతి కాదు. విద్యార్థులకు ఇంతకంటె మంచి గణితపాఠం దొరకదు.

జాతి సంగతి కూడా అంతే. పొట్టి మూతి, చిన్న శరీరం గల పెంపుడు జాతులలో దవడ చిన్నది. పళ్ళు దానికి మించినవి. కాబట్టి ఒకదానిమీద ఒకటి ఒరిగి, సందుల్లో పాచి నిలుస్తుంది. మినియేచర్ ష్నాజర్ అనే చిన్న జాతి కుక్కలు 52 తీసుకొని, పళ్ళు తోమకుండా 60 వారాలు పరిశీలించిన ఒక పరిశోధన 2014లో వెలువడింది. వాటిలో 35 కుక్కలకు దంతమూలవ్యాధి వచ్చింది. సత్యవేడు వీథులలో తిరిగే నాటుకుక్క అట్లాంటిది కాదు. దాని మూతి పొడుగు; పళ్ళకు చోటు చాలినంత ఉన్నది. కాని అది తినేది మిగిలిన అన్నం, సంగటి, చెత్తకుప్పలో దొరికినది. ఎముక దొరికితే అదీ. దాని నోటిలో గార ఎక్కువగా ఉంటుందా, విరిగిన పళ్ళు ఎక్కువగా ఉంటాయా అన్నది చిన్నజాతుల అంకెలను చూచి ఊహించరాదు. దాని నోటిలోనే చూడాలి.

పంటిజబ్బు వల్ల గుండె, మూత్రపిండాలు, కాలేయం చెడిపోతాయన్న మాటను కూడా ఈ దృష్టితోనే తూచాలి. చిగుళ్ళ రోగం ముదిరిన కుక్కలలో ఈ అవయవాలలో మార్పులు ఎక్కువగా కనిపించినట్లు కొన్ని పరిశీలనలు ఉన్నమాట నిజమే. వాచిన చిగురు నుంచి సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించగలవన్నదీ నిజమే. అయితే వయస్సు మళ్ళిన కుక్కకు పళ్ళూ చెడతాయి, మూత్రపిండాలూ చెడతాయి. రెండూ కలిసి కనబడినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేము. నోటినొప్పి ఒక్కటే చికిత్సకు చాలినంత కారణమయినప్పుడు, నిర్ధారణ కాని భయాన్ని దానికి జోడించవలసిన అవసరం లేదు.

యజమాని లేని రోగి

పత్రంలోని పెద్ద లోపం వేరే ఉన్నది. అది ఊహించుకొన్న రోగికి ఒక ఇల్లు, ఒక యజమాని, ఒక వైద్యశాల ఉన్నాయి. దేశాలన్నీ ఒకే స్థితిలో లేవని దాని రచయితలకు తెలియకపోలేదు. సంఘం విద్యాబోధనలో పాటించే మూడు అంచెల పద్ధతిని అనుసరించి పరికరాలను, చికిత్సలను వేరువేరుగా సూచించారు. ఇది మెచ్చుకోదగినదే. కాని ఆ అంచెలు వైద్యుని చేతిలోని పరికరాలకు సంబంధించినవి. కుక్క బ్రతుకు తీరుకు సంబంధించినవి కావు.

సత్యవేడు ప్రాంతపు పల్లెలలో కుక్కలు స్థూలంగా మూడు రకాలు. ఇంటిలో కట్టివేసి పెంచేవి కొన్ని. మామిడితోటకో, మేకలమందకో కాపలా ఉండి, ఒక యజమానికి చెందినా స్వేచ్ఛగా తిరిగేవి కొన్ని. ఏ ఇంటికీ చెందక, నాలుగు ఇళ్ళవారు పెట్టిన ముద్ద తిని వీథికి కాపలా కాసేవి కొన్ని. ప్రతిరోజూ పళ్ళు తోమాలన్న పత్రం ఉపదేశం మొదటి రకానికి చక్కగా వర్తిస్తుంది. పిల్లగా ఉన్ననాటి నుంచి అలవాటు చేస్తే, మెత్తని బ్రష్షుతో పళ్ళ వెలుపలి వైపు తోమడం నిమిషం పని. మనుషుల పేస్టు వాడరాదు; కుక్క దానిని ఉమ్మివేయలేక మ్రింగుతుంది. అందులోని ఫ్లోరైడు దానికి హాని. కొన్ని పేస్టులలో ఉండే జైలిటాల్ అనే తీపిపదార్థం విషం. ఉప్పు, బొగ్గుపొడి వంటి గరుకు వస్తువులతో రుద్దితే అసలే పలుచనైన పింగాణిపొర అరుగుతుంది. ఉత్త నీటితో తడిపిన బ్రష్షు చాలును.

రెండవ రకానికి ఈ ఉపదేశం కష్టంమీద వర్తిస్తుంది. మూడవ రకానికి అసలు వర్తించదు. వీథికుక్క నోరు ఎవరు తోముతారు? ఇక చికిత్స సంగతి. మండల కేంద్రంలోని పశువైద్యుని పొద్దంతా ఆవులు, ఎనుములు, మేకలు, గొర్రెలతో గడుస్తుంది. పాడిపశువుమీద ఒక కుటుంబం బ్రతుకు ఆధారపడి ఉన్నప్పుడు అది న్యాయమే. కుక్కకు పూర్తి మత్తు ఇచ్చి, పంటికి ఎక్స్-రే తీసి చికిత్స చేయడం అటువంటిచోట సులభం కాదు. తిరుపతిలో 1955లో నెలకొల్పిన పశువైద్య కళాశాల ఉన్నది. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి అది మూలస్తంభం. పశువైద్య విద్యలో దంతశాస్త్రానికి తగిన స్థానం ఇవ్వాలని పత్రం విశ్వవిద్యాలయాలను కోరింది. పల్లెకు వచ్చే వైద్యుడు ఏదో ఒక కళాశాల నుంచే రావాలి గనుక, ఈ కోరిక సత్యవేడు వంటి ఊళ్ళకు కూడా మేలు చేసేదే. ఆ మేలు చేరడానికి ఏళ్ళు పడుతుంది.

అంతవరకు చేయదగినది ఏమీ లేదా? ఉన్నది. పత్రం చూడని ఒక అవకాశం భారతదేశపు చట్టంలోనే ఉన్నది. 2001లో మొదట చేసి, 2023లో మార్చిన జంతు జనననియంత్రణ నియమాల ప్రకారం వీథికుక్కలను పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, పట్టినచోటనే విడిచిపెట్టాలి. శస్త్రచికిత్సకు మత్తు ఎట్లాగూ ఇస్తారు. వీథికుక్క నోరు నిర్భయంగా తెరచి చూడగలిగిన సమయం దాని జీవితంలో బహుశా అదొక్కటే. అప్పుడు పెదవి ఎత్తి, విరిగిన పళ్ళు ఎన్ని, ఊగుతున్నవి ఎన్ని, చిగురు స్థితి ఎట్లా ఉన్నది అని ఒక కాగితంమీద వ్రాసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఊగుతున్న పంటిని అప్పుడే తీసివేయడం వైద్యుని నైపుణ్యాన్ని, వ్యవధిని బట్టి నిర్ణయించుకోవలసిన సంగతి. వ్రాసుకోవడానికి మాత్రం ఖర్చు లేదు. ఇట్లా కొన్నివందల కుక్కల వివరాలు చేరితే, నాటుకుక్క నోటి స్థితి గురించి విదేశీ అంకెలను అరువు తెచ్చుకోవలసిన పని ఉండదు. ప్రపంచ ప్రమాణపత్రంలో ఇటువంటి సూచన ఒక పేరా ఉండి ఉంటే, అది పేరుకు తగినదై ఉండేది.

అన్నిటికంటె ముందు చెప్పవలసిన మాట

భారతదేశంలో కుక్క నోటిని గురించి వ్రాసే ఏ పుస్తకమైనా, పాచి గురించి చెప్పకముందు రేబీస్ గురించి చెప్పాలి. పళ్ళజబ్బు కుక్కను బాధిస్తుంది. రేబీస్ మనిషిని చంపుతుంది. లక్షణాలు కనబడిన తరువాత దానినుంచి బ్రతికి బయటపడినవారు అత్యంత అరుదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని అంచనా. కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని భారత ప్రభుత్వం 2021లో ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించింది.

దీనికీ దంతవ్యాధికీ సంబంధం ఏమిటి? సంబంధం చాలా దగ్గరిది. రేబీస్ సోకిన కుక్క ప్రతిసారీ పిచ్చెత్తి పరుగెత్తి కరవదు. కొన్నిటిలో వ్యాధి పక్షవాతరూపంలో వస్తుంది. దవడ కండరాలు పట్టుతప్పి క్రింది దవడ వ్రేలాడుతుంది. మ్రింగలేక చొంగ కారుస్తుంది. గొంతులో ఎముక ఇరుక్కున్నట్లు, పన్ను నొప్పిపెడుతున్నట్లు కనిపిస్తుంది. జాలిపడినవాడు నోరు తెరచి వ్రేలు పెట్టి చూస్తాడు. ఆ చొంగలోనే వ్యాధిబీజం ఉన్నది. చేతిమీద గీత ఉన్నా, గోరుచుట్టు ఉన్నా చాలును. పంటినొప్పి లక్షణాల పట్టికలో చొంగ కారడం కూడా ఉన్నది గనుక, పట్టికను మాత్రమే చదివినవాడు ఈ పొరపాటు చేయడానికి అవకాశం ఎక్కువ. పిచ్చికుక్క భయం లేని దేశాలలో ఆ పట్టిక అంతటితో ఆగవచ్చు, సత్యవేడులో ఆగరాదు.

కాబట్టి నియమం ఇది. టీకా వేసినట్లు తెలియని కుక్క చొంగ కారుస్తూ, దవడ వ్రేలాడవేసి ఉంటే, దాని నోటిలో ఎవరూ చేయి పెట్టరాదు; పిల్లలను దూరంగా ఉంచి పశువైద్యునికి తెలియజేయాలి. కుక్క కరచినా, గీరినా, గాయంమీద దాని చొంగ పడినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. గాయం లోతును బట్టి వైద్యుడు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇస్తాడు. సున్నం, పసుపు, కారం అద్దుకుంటూ కాలం గడపరాదు. కుక్క నోరు మనిషి నోటికంటె శుభ్రమైనదన్న మాటను కూడా విశ్వసించరాదు. రెండు నోళ్ళలోని సూక్ష్మజీవులు వేరు కావచ్చును గాని, కుక్క నోటిలో ఉండి మనిషి గాయాన్ని చీముపట్టించేవి ఎన్నో ఉన్నాయి.

ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి 70కి టీకా వేస్తే రేబీస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. సత్యవేడు విషయంలో ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. ఈ ప్రాంతం 1960 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆ నాటి నుంచి చిత్తూరు జిల్లాలోను, 2022 నుంచి తిరుపతి జిల్లాలోను చేరింది. మనుషులు పటంమీద గీసిన సరిహద్దు ఇట్లా మారుతూ వచ్చింది. కుక్కలకు ఆ గీత ఎన్నడూ తెలియదు. ఒక రాష్ట్రంలో టీకాలు వేసి, ప్రక్క రాష్ట్రంలో వేయకపోతే ఫలితం సగమే.

పాఠశాల చేయగలిగినది

విశ్వవిద్యాలయాల బాధ్యతను విపులంగా చెప్పిన పత్రం, పాఠశాలలకు ఎంత పని అప్పగించవచ్చునో ఆలోచించలేదు. నిజానికి కుక్కను గురించిన మంచి అలవాట్లైనా, చెడ్డ అలవాట్లైనా ఏర్పడేది పది, పన్నెండు ఏళ్ళ వయస్సులోనే. వీథికుక్క మీద రాయి విసిరేదీ, తన అన్నంలో ముద్ద తీసి పెట్టేదీ ఆ వయస్సువారే. దంతసూత్రం చెప్పే రోజున ఉపాధ్యాయుడు మరొక పావుగంట కేటాయిస్తే చాలు. బొమ్మలోనో, నమూనా పుర్రెలోనో కత్తెరపళ్ళను చూపి, అవి విరిగితే ఏమవుతుందో చెప్పవచ్చు. 80 శాతం, 12.5 శాతం అన్న రెండు అంకెలను బల్లమీద వ్రాసి, తేడాకు కారణం విద్యార్థులచేతనే చెప్పించవచ్చు. బ్రతికి ఉన్న కుక్క నోరు మాత్రం ప్రయోగశాల కాదని గట్టిగా హెచ్చరించాలి. కుక్కను దూరం నుంచి చూచి, అది ఏ ప్రక్క నములుతున్నది, కంటి క్రింద వాపు ఉన్నదా అని గుర్తించడం పిల్లలు చేయగల పని. నోరు తెరచి చూడటం వైద్యుడు చేయవలసిన పని.

మొత్తంమీద ఈ ప్రమాణపత్రం గౌరవించదగిన కృషి. మూగజంతువు నొప్పిని నొప్పిగా గుర్తించింది. అబద్ధపు చికిత్సలను నిర్మొహమాటంగా త్రోసిపుచ్చింది. వైద్యవిద్యలోని వెలితిని బయటపెట్టింది. అంకెలను మరికొంత జాగ్రత్తగా వాడవలసింది. యజమాని చేతిలోని తాడు చివరనే గాక, తాడు లేకుండా తిరిగే కుక్కను కూడా రోగిగా భావించవలసింది. దీని సారాన్ని నాలుగు పుటల తెలుగులో కుదించి, మొదటి పుటలో రేబీస్ జాగ్రత్తను, రెండవ పుటలో నొప్పి ఆనవాళ్ళను, మూడవ పుటలో ఇంటికుక్క పళ్ళ పోషణను, నాలుగవ పుటలో వీథికుక్కల పరీక్షాపత్రాన్ని పెట్టి పల్లె పశువైద్యశాలకు, ఉన్నత పాఠశాలకు పంపితే, ఇక్కడివారికి మూలపత్రం కంటె అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. అప్పుడు 42 అన్న సమాధానం చెప్పిన విద్యార్థి, ఆ పళ్ళలో ఏ ఒక్కటి విరిగినా నొప్పి ఎవరికి కలుగుతుందో కూడా చెప్పగలుగుతాడు.